ఫేమస్ అవుతానంటున్న తొమ్మిదో తరగతి పాప

ప్రశ్న: అక్కా, మాది కావలి. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తారు, రాత్రుళ్లు ఎక్కువగా అక్కడే ఉంటారు. మా పాపకి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. పోయిన నెల స్కూల్లో ‘పెద్దయ్యాక ఏమవుతారు’ అని రాయమంటే మా పాప ‘ఫేమస్ అవుతాను’ అని ఒక్క ముక్క రాసి ఇచ్చిందట. టీచరమ్మ నన్ను పిలిపించి చూపించారు. ఏం చేసి ఫేమస్ అవుతావే అంటే ‘ఏదో ఒకటి, అందరూ గుర్తుపట్టాలి, డబ్బులు కూడా వస్తాయి’ అంటుంది. తర్వాత చూస్తే మాకు తెలియకుండా ఇన్‌స్టాలో రెండో అకౌంట్ ఉంది, నిండా డ్యాన్స్ రీల్సే. డ్యాన్స్ బాగానే వేస్తుంది, అది ఒప్పుకోవాలి. కానీ లావుగా కనిపిస్తున్నానని రాత్రి అన్నం మానేసింది. తెల్లబడే క్రీము కొనిపెట్టమని గొడవ. ఎవరో షార్ట్ ఫిలిం ఆడిషన్ అని మెసేజ్ పెట్టి ఫొటోలు పంపమన్నారట, ఐదు వేలు కట్టమన్నారట. మా ఆయన ఫోన్ పగలగొడతానంటున్నారు. మా అత్తగారు పది అయ్యాక పెళ్లి చేసేయమంటున్నారు. నేను తిడితే ‘నువ్వు బ్లౌజుల ఫొటోలు స్టేటస్‌లో పెట్టి ఎంతమంది చూశారా అని చూసుకోవా? నేను పెడితే తప్పా? నా వీడియో చూడమంటే ఎప్పుడూ తర్వాత అంటావు, అక్కడ చూసేవాళ్లున్నారు’ అంది. ఆ మాటకి రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఏం చెయ్యమంటారు? (పేరు వెయ్యొద్దు)

జవాబు:

చెల్లీ,

ముందు ఆ ఆడిషన్ సంగతి చూడండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు గానీ ఇది ఇవాళే తేలాలి. పాపని పక్కన కూర్చోబెట్టుకుని ‘ఏమైనా ఫొటోలు పంపావా తల్లీ?’ అని అడగండి. పంపలేదంటే సరే. పంపానన్నా మీ మొహం మారకూడదు. మొహం మారిందా, ఆ పిల్ల ఇక రెండో మాట చెప్పదు. ఆ మెసేజ్‌లు డిలీట్ చెయ్యొద్దు. అకౌంట్ పేరు, డబ్బు కట్టమన్న నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. డబ్బు కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఫొటోల వ్యవహారమైతే కేంద్ర ప్రభుత్వ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగే నేరాలకు విడిగా చోటుంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. పిల్లల సాయానికి 1098 ఉంది. 18 ఏళ్లు నిండని పిల్లని అసభ్యంగా ఫొటోలు అడిగినా, వాటితో బెదిరించినా అది పోక్సో చట్టం కిందికి వస్తుంది. తప్పు అడిగినవాడిది, మీ పాపది కాదు. ఈ మాట ఆమెకి వినబడేలా చెప్పండి. ఇంకోటి కూడా చెప్పండి: నిజంగా సినిమా తీసేవాళ్లు నటించినవాళ్లకి డబ్బులిస్తారు, వాళ్ల దగ్గర ఐదు వేలు వసూలు చెయ్యరు.

పెళ్లి మాట మీద నేను ఎక్కువ రాయను. 18 ఏళ్ల లోపు ఆడపిల్లకి పెళ్లి చేస్తే 2006 నాటి చట్టం ప్రకారం చేసినవాళ్లు శిక్షకి గురవుతారు. అంతకంటే ముఖ్యం, ‘నీ కోరికకి పెళ్లే మందు’ అని ఇంట్లో ఒక్కసారి వినబడితే చాలు, పాప తన మనసులో మాట మీకు చెప్పడం ఆపేస్తుంది. అత్తగారితో మీరు చెప్పలేకపోతే మీ వారితో చెప్పించండి. ఫోన్ పగలగొడితే ఏమవుతుందో కూడా ఆయనకి చెప్పండి. వారం తిరక్కుండా స్నేహితురాలి ఫోన్లో మూడో అకౌంట్ తెరుస్తుంది, అది మీకు ఎప్పటికీ కనబడదు.

ఇక అసలు సంగతి.

మీ ఉత్తరం చదవగానే నాకు స్వర్ణాల చెరువు గుర్తొచ్చింది. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగకి మీరూ ఎప్పుడో వచ్చే ఉంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి నీళ్లలో నిలబడతారు. అదే కోరిక ఉన్నవాళ్లు వాళ్లని వెతుక్కుంటూ వెళ్లి ఆ రొట్టె పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె, విదేశీ రొట్టె. ఒక ఏడాది నా పక్కన ఒక చిన్నపిల్ల నిలబడి ఉంది, పదేళ్లుంటాయేమో. తడిసిన గౌను కుచ్చిళ్లు పిండుకుంటూ వాళ్లమ్మని అడిగింది, ‘అమ్మా, ఫేమస్ రొట్టె ఎవరిస్తారు?’ అని. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చినా ఆ ప్రశ్న వదల్లేదు.

ఎందుకంటే చదువు రొట్టె ఇచ్చే మనిషి మనకి ఎదురుగా ఉంటుంది. ‘ఎన్నేళ్లు పట్టిందక్కా?’ అని అడగొచ్చు. రెండుసార్లు డీఎస్సీ తప్పాను, పిల్లని అమ్మ దగ్గర వదిలి చదివాను, మూడోసారి వచ్చింది అని ఆమె చెబుతుంది. ఆ రొట్టె వెనక ఎంత కష్టం ఉందో తెలుసుకునే పుచ్చుకుంటాం. ఫోన్లో కనిపించే అమ్మాయి చేతిలో రొట్టె ఒక్కటే కనిపిస్తుంది. ఆ వీడియో ఎవరు తీశారు, ఆ డ్రెస్ ఎవరిచ్చారు, ఎన్నిసార్లు చేస్తే ఆ ఒక్కటి బాగా వచ్చింది, ఆ రోజు ఆ అమ్మాయి ఏం తిన్నది, కింద కామెంట్లలో ఎవరేం తిట్టారు, ఇవేవీ కనబడవు. అందుకే మీ పాప రాసిన వాక్యంలో పని లేదు, పేరు మాత్రమే ఉంది. డాక్టర్ అవుతాననో, డ్యాన్సర్ అవుతాననో రాయలేదు. ఫేమస్ అవుతానని రాసింది. ఆ పిల్లకి కనిపించింది అంతే కాబట్టి అంతే రాసింది.

పేరు తెచ్చుకోవాలనుకోవడం కొత్తదేమీ కాదు. మేం హైస్కూల్లో ఉన్నప్పుడు వాణిశ్రీ గారి కొప్పు చూసి అలాగే వేసుకోవాలని అద్దం ముందు గంటలు గంటలు కూర్చునేవాళ్లం. ఆవిడది మన నెల్లూరే అని గర్వం కూడా. కానీ హాల్లోంచి బయటికొస్తే సినిమా అయిపోయేది. మన మొహానికి ఎన్ని మార్కులో చెప్పే యంత్రం మన చేతిలో ఉండేది కాదు.

అమెరికాలో యాల్డా ఉల్స్, పట్రీషియా గ్రీన్‌ఫీల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. తొమ్మిది నుంచి పదకొండేళ్ల పిల్లలు ఎక్కువగా చూసే టీవీ కార్యక్రమాలు ఏ విలువలు నేర్పుతున్నాయో 1967 నుంచి 2007 దాకా పదేళ్లకొకసారి లెక్క చూశారు. మొత్తం 16 విలువల్లో పేరుప్రఖ్యాతులు 1997లో 15వ స్థానంలో ఉంటే, 2007కి మొదటి స్థానానికి వచ్చాయి. ఇతరులకి సాయపడటం రెండో స్థానం నుంచి 13కి పడిపోయింది. అది అమెరికా టీవీ సంగతి, మనది కాదు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, కథలు మారితే పిల్లలకి కనబడే లోకం పదేళ్లలోనే ఎంత మారిపోతుందో అందులో తెలుస్తుంది. పిల్లలు చెడిపోలేదు చెల్లీ. వాళ్లకి రోజూ చెప్పే కథ మారింది.

మీ పాప విషయంలో ఆ కథ ఎప్పుడు మొదలైందో లెక్క వేసుకోండి. టిక్‌టాక్‌ని మన దేశంలో 2020 జూన్ చివర్లో నిషేధించారు. జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. అప్పుడు మీ పాప మూడో తరగతో, నాలుగో తరగతో. బళ్లు మూసేశారు, ఆన్‌లైన్ క్లాసులని మనమే ఫోన్ చేతికిచ్చాం. అంటే పిల్ల గుణింతాలు దాటి కథలు చదువుకోవాల్సిన వయసులో పదిహేను సెకన్ల వీడియోలు వచ్చి కూర్చున్నాయి. ఇందులో మీ తప్పు వెతుక్కోకండి. ఆ రోజుల్లో ఏ తల్లి అయినా అదే చేసింది.

ఫోన్ ఒక్కటే నేర్పిందని కూడా అనుకోకండి. మన ఊళ్లు చూడండి. ఓణీల ఫంక్షన్ చేస్తే పిల్లకి ముందే మైపాడు బీచ్‌లో షూటింగ్, పైన డ్రోన్, ఊరి మలుపులో నిలువెత్తు ఫ్లెక్సీ. ఇంటర్ ఫలితాలు రాగానే సెంటర్లలో ర్యాంకుల హోర్డింగులు, మొహం పక్కన మార్కులు. వందమంది చదివిన చోట ఎనిమిదిమంది మొహాలే గోడెక్కుతాయి. గోడ మీద బొమ్మ పడితేనే బతుకు, పడకపోతే లేనట్టే అని ఆ పిల్లలకి మనం ఎక్కడా నోటితో చెప్పలేదు. చెప్పకుండానే నేర్చుకున్నారు.

నేనూ కొంచెం నేర్పాను. ముప్పై ఏళ్లు తెలుగు టీచరుగా చేశాను. ఒక ఏడాది వార్షికోత్సవానికి ఒక అమ్మాయి డ్యాన్స్ చేస్తానంటే, లెక్కల్లో తప్పిందని ఆమె పేరు కొట్టేసి ఫస్ట్ ర్యాంకు పిల్లని పెట్టాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, సరే టీచర్ అని వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండేళ్లు నా క్లాసులో చివరి బెంచీలోనే కూర్చుంది. ఇప్పుడు మీ ఉత్తరం చదువుతుంటే ఆ పిల్ల మొహం కళ్ల ముందు కదులుతోంది.

పోయిన సంక్రాంతికి నేను చూసింది ఒకటి చెబుతాను. మా చెల్లెలి మనవరాలు, అదీ మీ పాప ఈడుదే. మా మిద్దె మీద రెండు పూలకుండీల మధ్య బట్టల క్లిప్పులతో ఫోన్ నిలబెట్టి డ్యాన్స్ తీసుకుంటోంది. నేను వడియాలు ఎండబెడుతూ చూస్తున్నాను. అదే పదిహేను సెకన్లు, మళ్లీ మళ్లీ. ఇరవై వరకూ లెక్కపెట్టి ఆపేశాను. ప్రతిసారీ చున్నీతో చెమట తుడుచుకోవడం, జుట్టు సర్దుకోవడం, పరిగెత్తుకెళ్లి ఫోన్లో చూసుకోవడం, పెదవి విరిచి మళ్లీ మొదలు. చివరికి ఒకటి పెట్టేసింది. పెట్టాక ఫోన్ బోర్లా తిప్పి పొట్ట మీద పెట్టుకుని చాప మీద పడుకుంది. నిమిషానికోసారి తిప్పి చూసుకుంటుంది, మళ్లీ బోర్లా పెడుతుంది. సాయంత్రానికి 41 మంది చూశారు. అందులో సగం మా చుట్టాలే. అప్పుడు నా దగ్గరికొచ్చి అడిగింది, ‘అమ్మమ్మా, నేను బాగుండనా?’ అని.

డ్యాన్స్ బాగలేదా అని అడగలేదు చూడండి. నేను బాగుండనా అని అడిగింది.

నా భయమంతా అక్కడే ఉంది. ఫోన్ ఇచ్చేది ఒక అంకె. ఆ అంకె ఎందుకు తక్కువో చెప్పదు. అడుగు తడబడిందా, తాళం తప్పిందా, వెలుతురు చాలలేదా, లేక అసలు ఎవరి ఫోన్లోకీ ఆ వీడియో వెళ్లనే లేదా, ఏమీ చెప్పదు. కారణం తెలియని పిల్ల దాన్ని తన ఒంటి మీద వేసుకుంటుంది. లావుగా ఉన్నాను, నల్లగా ఉన్నాను అంటుంది. మీ పాప అన్నం మానేసింది కూడా ఇందుకేనని నా అనుమానం. 2021లో ఫేస్‌బుక్ కంపెనీ లోపలి పత్రాలను అక్కడ పనిచేసిన ఫ్రాన్సెస్ హాగెన్ అనే ఆవిడ బయటపెట్టారు. తమ ఒంటి గురించి దిగులు పడే టీనేజ్ అమ్మాయిల్లో 32 శాతం మంది, ఇన్‌స్టాగ్రామ్ చూశాక ఆ దిగులు ఇంకా ఎక్కువైందని చెప్పినట్టు కంపెనీ సొంత పరిశోధనలోనే ఉంది. 

అన్నం సంగతి తేలిగ్గా తీసుకోకండి. తిను తిను అని వెంటపడితే మొండికేస్తుంది. మీరు తినేటప్పుడు కంచం పక్కన కూర్చోమనండి, ఆ కాసేపూ రీల్స్ ఊసు, బరువు ఊసు ఎత్తకండి. బరువు బాగా తగ్గినా, కళ్లు తిరుగుతున్నా, నెలసరి ఆగినా వెంటనే డాక్టరుకి చూపించండి. తిన్నది కక్కుతోందని తెలిసినా అంతే. మనసు బాగాలేదనిపిస్తే 14416 అనే టెలీ మానస్ నంబరుకి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. క్రీము మాత్రం కొనకండి. కొనను అని ఊరుకోకుండా, ఏ వీడియో చూసి అడుగుతోందో ఆ వీడియో ఇద్దరూ కలిసి చూడండి. డబ్బు తీసుకుని చేసిన వీడియో అయితే ‘యాడ్’ అనో ‘పెయిడ్ పార్ట్‌నర్‌షిప్’ అనో కనబడేలా రాయాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమం పెట్టింది. ఆ ముక్క ఎక్కడుందో పాపనే వెతకమనండి. కొందరు రాయరు కూడా. ‘ఈ అమ్మాయికి క్రీము ఎవరిచ్చారంటావ్?’ అని అడిగి ఊరుకోండి. జవాబు మీరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ పాప మిమ్మల్ని అడిగిన ప్రశ్నకి వద్దాం. నువ్వు పెడితే ఒప్పు, నేను పెడితే తప్పా? మంచి ప్రశ్న అడిగింది చెల్లీ, దానికి తిట్టకండి. నిజమే, స్టేటస్ ఎంతమంది చూశారా అని మీరూ చూసుకుంటారు. కానీ మీ స్టేటస్ వెనక ఒక బ్లౌజు ఉంది. ఎవరూ చూడకపోయినా ఆ బ్లౌజు అక్కడే ఉంటుంది. మీకు మగ్గం పని నేర్పినావిడ మొదటి రోజు ఏం చేసి ఉంటుంది? చైన్ స్టిచ్ వంకర పోతే విప్పించి ఉంటుంది. ఆరీ సూది పట్టే తీరు తప్పైతే వేళ్లు సరిచేసి ఉంటుంది. ‘ఈ కుట్టు బాగలేదు’ అని ఉంటుంది గానీ ‘నువ్వు బాగలేవు’ అనలేదు. అందుకే మీరు తట్టుకుని నేర్చుకున్నారు. ఇది పాపకి మీరే చెప్పండి, మీ మొదటి మగ్గం ముక్క ఇంట్లో ఎక్కడైనా ఉంటే తీసి చూపించండి. వంకర కుట్లు ఉన్నదే చూపించండి.

బాలు గారిని తలుచుకోండి. నెల్లూరులో పెరిగారు, తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. చదువుకుంటూ పోటీల్లో పాడుతుంటే ఎస్.పి. కోదండపాణి గారి చెవిన పడ్డారు, 1966లో మొదటి సినిమా పాట. ముప్పై ఏళ్లు పాడాక 1996లో టీవీలో పిల్లల పాటల పోటీకి గురువుగా కూర్చున్నారు. అప్పట్లో ఆదరాబాదరాగా వంటలు ముగించుకుని టీవీ ముందు చేరేవాళ్లం. పిల్ల పాడగానే ముందు మెచ్చుకునేవారు, ఆ తర్వాత ఎక్కడ శ్రుతి జారింది, ఏ ఒత్తు పలకలేదు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అని విడమరిచి చెప్పేవారు. లక్షలమంది చూస్తుండగా తప్పు చెప్పినా ఆ పిల్ల చిన్నబోయేది కాదు, ఎందుకంటే ఆయన సరిచేస్తున్నది పాటని. అదీ మీడియానే. అక్కడా పిల్లలు పేరు కోసమే వచ్చారు. కానీ పేరుకీ పిల్లకీ మధ్యలో ఒక పెద్ద మనిషి ఉన్నారు, ఒక పని ఉంది.

మీ పాపకి కావాల్సింది అలాంటి మనిషి. డ్యాన్స్ బాగా వేస్తుందని మీరే రాశారు. కావలిలో డ్యాన్స్ నేర్పే వాళ్ల దగ్గరికి ఒక మూడు నెలలు పంపి చూడండి. కూచిపూడో, మరొకటో, పాప ఇష్టం. అక్కడ అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు, పది నిమిషాలు నిలబెడితే తొడలు వణుకుతాయి. ఆ వణుకు ఏ రీల్‌లోనూ కనబడదు. ఇష్టం నిజమైతే వణుకుతూనే నిలబడుతుంది, కాకపోతే తనే మానేస్తుంది, రెండూ మంచివే. స్కూల్లో టీచరమ్మని కళా ఉత్సవ్ గురించి అడగండి. 2015 నుంచి కేంద్ర విద్యాశాఖ నడుపుతోంది, తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లలకే. జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి జాతీయ స్థాయికి వెళ్లొచ్చు. పాట, నాట్యం, నాటకం, బొమ్మలు అన్నీ ఉంటాయి. మీ పాప సరిగ్గా ఆ తరగతిలోనే ఉంది. మిమ్మల్ని పిలిచి కాగితం చూపించిన టీచరమ్మ మంచి మనిషిలాగే ఉన్నారు, తప్పకుండా సాయం చేస్తారు.

డబ్బులు వస్తాయంటోంది కదా, దానికి కూడా కోప్పడకుండా పెన్నూ పేపరూ ఇవ్వండి. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బుకి అర్హత రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటలు జనం చూసి ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌ని కోటిసార్లు చూడాలి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు రెండు నిమిషాలు చూస్తారనుకున్నా 1,20,000 సార్లు చూడాలి. అదైనా అర్హత మాత్రమే, ఆ తర్వాతే సంపాదన మొదలు. 18 ఏళ్లు నిండేదాకా ఆ డబ్బు పెద్దవాళ్ల పేరు మీదే రావాలి. ఈ లెక్క పాప చేత్తోనే వేయించండి. నిరుత్సాహపరచడానికి కాదు, ఇది కూడా ఒక వ్యాపారమని, మీ బ్లౌజుల లెక్కలాంటిదేనని తెలియడానికి.

అకౌంట్ల విషయం. ఇన్‌స్టాగ్రామ్‌కి 13 ఏళ్లు నిండాలి, నిండాయి కాబట్టి వాడొద్దని నేను చెప్పను. కానీ ఆ రెండో అకౌంట్‌లో పుట్టిన సంవత్సరం ఏమని ఇచ్చిందో చూడండి. చాలామంది పిల్లలు వయసు ఎక్కువ వేసి తెరుస్తారు. అలా చేస్తే అది పెద్దవాళ్ల అకౌంట్ అయిపోతుంది, ఎవరు పడితే వాళ్లు మెసేజ్ పెట్టొచ్చు, ఆ ఆడిషన్ మనిషి వచ్చినట్టే. 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలో కూడా టీన్ అకౌంట్ అని వచ్చింది. అందులో అకౌంట్ మొదటినుంచే ప్రైవేటుగా ఉంటుంది, తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, 16 ఏళ్ల లోపు పిల్లలు ఆ కట్టుబాట్లు సడలించుకోవాలంటే తల్లో తండ్రో ఒప్పుకోవాలి. సరైన పుట్టినరోజుతో ఒకే ఒక్క అకౌంట్, అది మీకు తెలిసిన అకౌంట్, రాత్రి పడుకునేటప్పుడు ఫోన్ మీ మిషన్ టేబుల్ మీద. మీ ఫోనూ అక్కడే పెట్టండి. అది లేకపోతే ఈ నియమం నాలుగు రోజులు కూడా నిలవదు.

అత్తగారి గురించి ఒక మాట. ఆవిడది ఏ ఊరో మీరు రాయలేదు. అరవై దాటిన మనిషైతే, మన జిల్లాలోనే పుట్టి పెరిగి ఉంటే, 1992 ప్రాంతంలో ఏం జరిగిందో ఆవిడకి బాగా గుర్తుండాలి. కలిగిరి మండలం దూబగుంట మీకు పెద్ద దూరం కాదు. వేలిముద్ర వేసే ఆడవాళ్లు రాత్రి బడికి వెళ్లి అక్షరాలు దిద్దుకుంటూ, ఊళ్లో సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా మోగింది. వాళ్ల ఊరి కథనే పాఠంగా అచ్చువేస్తే అది చదివి పక్క ఊళ్ల ఆడవాళ్లు కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఒక పాఠం, అంటే అప్పటి మీడియా, ఆడవాళ్లకి ఒక పని చూపించింది, వాళ్లు ఆ పని చేశారు, పేరు వాళ్ల వెనకాల నడుచుకుంటూ వచ్చింది. మీ అత్తగారు ఆ రోజుల్లో సారా బండికి అడ్డం నిలబడ్డారో, రాత్రి బడికి వెళ్లారో, లేక మామగారికి భయపడి ఇంట్లోనే ఉండిపోయారో, పాపనే అడగమనండి. ఏ జవాబు వచ్చినా సరే. మనవరాలు పక్కన కూర్చుని అడిగితే నాయనమ్మ పెళ్లి మాట పక్కన పెట్టి తన కథ చెబుతుంది, ఆ పిల్లకి తన ఇంట్లోనే ఒక కొత్త మనిషి కనిపిస్తుంది.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని ఆ మాట. ‘అక్కడ చూసేవాళ్లున్నారు.’

మీరు మంచి తల్లి కాదని పాప అనలేదు. పెళ్లిళ్ల సీజన్లో రేపటికి బ్లౌజు ఇవ్వాలని ఒకరు గుమ్మంలో కూర్చుంటే, ఫాల్ కుట్టలేదని ఇంకొకరు ఫోన్ చేస్తుంటే, ‘తర్వాత’ అనక ఏమంటారు? ఆ కష్టం నాకు తెలుసు. కానీ మీ పాప ముందుగా వచ్చింది మీ దగ్గరికే. మీరు తర్వాత అన్నాకే అటు వెళ్లింది. ఇప్పటికీ కోపంగానైనా మీతోనే చెబుతోంది, ఇంకా మీ కోసం చూస్తోందనే దానికి ఇంతకంటే ఏం కావాలి.

ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక అరగంట మిషన్ ఆపండి. పెడల్ మీంచి కాలు తీసేసి, మెడలో టేపు కూడా తీసి పక్కన పెట్టి, కుర్చీ పాప వైపు తిప్పి కూర్చోండి. ఫోన్ లేకుండా, పాట మాత్రం పెట్టుకుని ఆ డ్యాన్స్ మీ ముందు వెయ్యమనండి. మొదటిసారి సిగ్గుపడుతుంది, సగంలో ఆపేస్తుంది. కదలకండి. అయిపోయాక బాగుంది అని వదిలేయకుండా, ఏ అడుగు నచ్చిందో ఆ అడుగు పేరు పెట్టి చెప్పండి, ఏది తడబడిందో అదీ చెప్పండి. చెప్పి, ఇంకోసారి వెయ్యమనండి.